సీసా మీది గీత

ఆపిల్‌ను నాలుగు ముక్కలు చేసి, మధ్యలోని గట్టి భాగాన్ని కత్తిమొనతో చెక్కి తీసి, అందులోని గింజల్ని ఒక్కొక్కటే బొటనవేలితో గాజుసీసాలోకి నెట్టింది. కత్తివెన్ను ఒరుసుకుని ఒరుసుకుని ఆవిడ చూపుడువేలికి కాయ కాసింది. బొటనవేలి గోరు పళ్ళరసాలకు నల్లబడి, ఎంత తోమినా తెల్లబడడం మానేసింది. ముక్కల్ని మళ్ళీ కోసి బఠాణీగింజలంత చేసి పళ్ళెంలో పరిచింది. ఎంత పెద్ద కుక్కకైనా సరే, ఆవిడ చేతినుంచి అంతకంటే పెద్ద ముక్క వెళ్ళదు.

ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు తమ కుక్కల్ని నాలుగు రోజులు వదిలివెళ్ళే వసతిగృహం అది. అక్కడ వారానికి రెండు మధ్యాహ్నాలు పళ్ళు పెడతారు. చిన్న కుక్కకు ఒక చెంచా, పెద్దదానికి మూడు. ఇంకాస్త వెయ్యమని ఎవరైనా అడిగితే, "పండు తిండి కాదు, ముద్దు. ముద్దు ఎక్కువైతే కడుపునొప్పి" అనేది. పుచ్చకాయకు గింజలూ తొక్కా తీసేది. అరటిపండు నాలుగు బిళ్ళలకు మించనిచ్చేది కాదు. ద్రాక్ష, ఎండుద్రాక్ష అయితే ఆ వంటగది గడప తొక్కడానికే వీల్లేదు.

అయినా అక్కడ ఆవిడ పేరు ద్రాక్షమ్మ.

ఏడేళ్ళ కిందట ఒకరు వదిలివెళ్ళిన తెల్లకుక్క వాంతులు చేసుకుని, మూత్రం ఆగిపోయి మూడో రోజు చనిపోయింది. వాంతిలో ద్రాక్షపళ్ళున్నాయి, ఒక్క గాటు కూడా లేకుండా గుండ్రంగా. ఆ పళ్ళు తెచ్చుకున్నది సూపర్‌వైజర్. బల్ల దగ్గర కూర్చుని తింటూ, ఒక్కోటీ పైకి ఎగరేసి కుక్కచేత నోటితో పట్టించి ముచ్చటపడ్డాడు. అతని చెత్తబుట్టలో ద్రాక్షకాడలు ఆవిడే చూసింది. వసతిగృహం యజమానురాలు నిలదీసినప్పుడు అతను ఒకే ఒక్క మాటన్నాడు: "పళ్ళు చూసేది ఆవిడే కదండీ." అంతే, ఆ మాటతో చేతులు దులుపుకున్నాడు. కాడల సంగతి చెప్పినా ఆవిడ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. తర్వాత ఆ పేరు పెట్టిందీ అతనే, పెద్ద హాస్యగాడిలా.

ఉద్యోగం తియ్యలేదు. కుక్కల్ని ముట్టుకోవద్దన్నారు. వంటగది గోడకున్న చిన్న కిటికీలోంచి పళ్ళెం తోస్తే అవతల ఇంకెవరో అందుకుని పెట్టేవారు. పదిహేడేళ్ళు వాటి మెడలు నిమిరి, చెవులు తుడిచి, ఉరుములకు వణికితే ఒళ్ళో పెట్టుకున్న మనిషి ఏడేళ్ళుగా వాటి అరుపులు మాత్రం వింటోంది. ఆవిడ భర్త దర్జీ. అంతకుముందు రోజూ, నీ బట్టల మీద వెంట్రుకలతో ఒక కంబళి కుట్టొచ్చని వేళాకోళమాడేవాడు. ఒక సాయంత్రం ఆమె భుజం దులపబోయి, దులపడానికేమీ లేక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ రాత్రి ఇద్దరూ అన్నం సరిగ్గా తినలేదు.

ఆ మర్నాడు మొదలుపెట్టింది సీసా. ఆపిల్ గింజల్ని నలగ్గొడితే విషమని పనిలో చేరిన వారంలోనే నేర్పారు. సూపర్‌వైజర్‌కో కుక్క ఉంది. చెవులు నేలకు రాసే పొట్టి గోధుమరంగుది. భార్య పోయాక అతనికి ఇంట్లో మిగిలింది అదొక్కటే. రోజూ వెంటబెట్టుకుని వస్తాడు. దొరక్కపోతుందా ఒకరోజు, అనుకుని ఆవిడ గింజలు దాచింది. ఏటా ఒకసారి, గింజలు ఎంతవరకు వచ్చాయో సీసా మీద సిరాతో గీత గీసింది.

"ఆ గింజలన్నీ నాటుంటే ఈపాటికి తోటయ్యేదక్కా" అంటూ వచ్చింది కుక్కలకు స్నానాలు చేయించే ఆవిడ, మోచేతులదాకా నురగతో.

"నాటడానికే దాచా."

"ఎప్పుడు నాటుతావ్? ఇవాళే కదా ఆఖర్రోజు!"

అవును, ఆఖరిదే. వచ్చే వారం నుంచి పళ్ళకు బదులు డబ్బా బిస్కెట్లు. పళ్ళు లేకపోతే పళ్ళు కోసే మనిషెందుకు? పొద్దున్నే సీసా మీద ఆఖరి గీత గీసి పక్కన తేదీ వేసింది. గింజలు మూతదాకా వచ్చాయి. కుక్క మాత్రం చేతికి చిక్కలేదు.

అప్పుడే తలుపు తోసుకుని సూపర్‌వైజర్ వచ్చాడు, చేతిలో కుక్క గొలుసు.

"కాసేపు దీన్ని చూస్తుండమ్మా. మేడమ్ పైకి రమ్మన్నారు. మెట్లెక్కలేదిది."

స్నానాలావిడ కంగారుపడింది. "సార్, ద్రాక్షమ్మ దగ్గరా? నేను చూసుకుంటా లెండి."

"నీ దగ్గర మూడు తడికుక్కలున్నాయి కదా!" అతను నవ్వాడు. "ఊరుకోమ్మా, ఆవిడ చేతిలో ఇన్నేళ్ళలో ఏ కుక్కకైనా ఏమన్నా అయిందా?"

గొలుసు బల్లకాలికి తగిలించి వెళ్ళిపోయాడు. స్నానాలావిడ నోరు తెరిచి ఆవిడకేసి చూసింది. ఏదో అనబోయి, అవతల కుక్క అరిస్తే పరిగెత్తింది.

ఆవిడ కత్తి కింద పెట్టింది. తనే చేశానని అతను పొరపాటున నమ్మినా ఇంత మండేది కాదు. వీడికి తెలుసు. తను పిసరంత హాని కూడా చెయ్యదని లోకంలో అందరికంటే వీడికే బాగా తెలుసు. ఆ ధైర్యంతోనే ఏడేళ్ళు ద్రాక్షమ్మా అని పిలిచాడు. ఆ ధైర్యంతోనే ఇప్పుడు ప్రాణంలాంటి కుక్కను తన కాళ్ళ దగ్గర కట్టేసిపోయాడు.

సీసా మూత తిప్పింది. గుప్పెడు గింజలు తీసి, పళ్ళులేని ముసలికుక్కలకు బొప్పాయి మెదిపే చిన్న రోట్లో పోసి, రోకలిబండ ఎత్తింది.

కుక్క వచ్చి గడ్డం ఆవిడ పాదం మీద ఆనించి పడుకుంది.

వెచ్చగా, బరువుగా ఉంది ఆ గడ్డం. ఏడేళ్ళయింది అలాంటి బరువు మోసి. ఆవిడ కదల్లేదు. రోకలిబండ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలిచింది. తర్వాత మెల్లగా దించి, వంగి, ఆ పొడుగు చెవిని రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని నిమిరింది. లోపల కాస్త మురికి చేరింది. తడిగుడ్డతో తుడిచింది. ఈ కుక్కతో తనకేం పగ? పగ దాని యజమాని మీద. అది కాస్త కూడా తగ్గలేదు.

రోట్లోని గింజల్ని సీసాలోకి తిరిగి పొయ్యబోయి ఆగింది. సీసాలోకి చూసింది. గీతకు రెండు వేళ్ళ కిందికి దిగాయి గింజలు. చాలాసేపు అలాగే చూసింది. ముసిముసిగా నవ్వుకుంది.

గుప్పెడు గింజల్నీ తొక్కలతో కలిపి సంచిలో వేసి ముడేసింది. చెత్తబండివాడు వచ్చే వేళే. తనే బయటికి వెళ్ళి అందించి, బండి మలుపు తిరిగేదాకా నిలబడింది. లోపలికొచ్చి, కుక్కకు కొలిచి ఒకే ఒక్క చెంచా ఆపిల్ ముక్కలు అరచేతిలో పెట్టి తినిపించింది. అరచేయంతా నాకింది అది.

సూపర్‌వైజర్ గంట తర్వాత దిగొచ్చాడు. "ఏమన్నా పెట్టావా దీనికి?"

"ఆపిల్. చెంచాడు."

"చూశావా, నీకంటే ఎవరు జాగ్రత్తగా పెడతారు!" అని దాని వీపు తట్టి, తోటలో తిప్పడానికి తీసుకెళ్ళాడు. క్షమించమన్న మాట ఇవాళైనా వస్తుందేమోనని ఆవిడ ఒక్క క్షణం ఆగింది. రాలేదు.

కాగితంముక్క మీద తీరిగ్గా, గుండ్రటి అక్షరాలతో రాసింది. అబద్ధం ఒక్కటీ లేకుండా రెండే రెండు వాక్యాలు. ఇది చదివి అతను కుక్కను ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెడతాడు. ఏమీ లేదంటాడు డాక్టరు. నమ్మడు. రాత్రంతా దాని పొట్ట మీద చెయ్యేసి కూర్చుంటాడు. నిజం చెప్పినా ఎవరూ నమ్మకపోతే ఎలా ఉంటుందో తను ఏడేళ్ళు చూసింది. నిజం ఎదురుగా ఉన్నా నమ్మలేకపోవడం ఎలా ఉంటుందో అతను కొన్నాళ్ళు చూస్తే చాలు.

కత్తి కడిగి బోర్లించింది. ఏప్రన్ మడిచి మేకుకు తగిలించింది. స్నానాలావిడ లోపల నీళ్ళు పోస్తూ కూనిరాగం తీస్తోంది. ఎవరితోనూ చెప్పకుండా, దారిలో ఉన్న సూపర్‌వైజర్ గదిలోకి ఒక్క నిమిషం వెళ్ళి, బయటికొచ్చి, గేటు దాటి వీధిలో కలిసిపోయింది. ఆవిడ ముంజేతి మీద రెండు గోధుమరంగు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. దులుపుకోలేదు. వాటిని దులిపే మనిషి ఇంట్లో ఉన్నాడు.

సూపర్‌వైజర్ బల్ల మధ్యలో ఆపిల్ గింజల సీసా ఉంది. దానికి అంటించిన కాగితం మీద, "ఏడేళ్ళుగా మీ కుక్క కోసం దాచినవి. ఇవాళ పొద్దున ఈ గీతదాకా ఉన్నాయి" అని రాసి ఉంది, గింజలు మాత్రం ఆ గీతకు రెండు వేళ్ళ కిందే ఆగిపోయి ఉన్నాయి.