నీలం నూనెలో కలవదు

"అక్షరాలు సరిచూడు చాలు గ్లెన్. అందులో ఏముందో నీకక్కర్లేదు," అన్నాడు కెల్విన్, ఉత్తరాల అట్టపెట్టె తెచ్చి వంటింటి బల్ల మీద పెడుతూ. పెట్టి, టీ తాగి, కప్పు సింకులో కాక సింకు పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ కప్పుకీ సింకుకీ మధ్య జానెడు దూరం ఉంది. ఆ జానెడూ అతని భార్య గ్లెనిస్ పని.

పెట్టెలో అరవై మూడు ఉత్తరాలు. గ్లాస్ పెలికన్ అనే బ్యాండు అభిమానులు రాసిన జ్ఞాపకాలు. పందొమ్మిదివందల అరవై ఏడు నుంచి అరవై తొమ్మిది దాకా, ఆస్ట్రేలియాలోని ప్రెస్టన్ టౌన్‌హాల్లో శనివారం శనివారం మందు లేని డాన్సులు జరిగేవి. టీ, గుడ్డు శాండ్‌విచ్‌లు, చెవులు చిల్లులు పడే గిటార్లు, వెనక తెల్ల దుప్పటి మీద ఈదే రంగులు. ఆ బ్యాండు రెండున్నరేళ్ళు బతికింది. దాని అభిమానులు మాత్రం ఇంకా చావలేదు. ఇప్పుడందరికీ మోకాళ్ళ నొప్పులు, వినికిడి యంత్రాలు. అందరూ కలిసి ఒక పుస్తకం వేస్తున్నారు. వచ్చే శనివారం అదే హాల్లో విడుదల. గోడకి ఒక పలక కూడా బిగిస్తారు. దాని మీద నలుగురు వాయిద్యగాళ్ళ పేర్లు, కింద అయిదో పేరు: లైట్లు, కెల్విన్ ట్రాంటర్. పలక మీది అక్షరాలు పుస్తకం మొదటి పేజీ చూసే చెక్కుతారు. ఆ పేజీ టైపు చెయ్యాల్సింది కూడా గ్లెనిసే. "నీకు టైపింగు వచ్చుగా," అన్నారు. వచ్చు. ఎవరి పేరు ఎక్కడ పడాలో అడిగే హక్కు మాత్రం టైపింగుతో పాటు రాలేదు.

ఆమె ఈ ఉత్తరాల్ని నమ్మదు. మొదటి పదీ చదివేసరికే నవ్వొచ్చింది. ఆ హాల్లో ఆరువందల మంది పడతారు. వీళ్ళందరూ ముందు వరసలోనే నిలబడ్డారట! అంతమంది ముందు వరసలో ఉంటే స్టేజీ కూలి బ్యాండు వాళ్ళ మీద పడేది. ఒకాయన ఎక్కడో బెండిగో ఊళ్ళో జరిగిన ఆట ప్రెస్టన్‌లో చూశాడు. ఒకావిడ గోడలు ఊపిరి పీల్చడం చూసిందట. అది మాత్రం నిజమే. గోడల చేత ఊపిరి పీల్పించింది ఎవరో ఆవిడకి తెలీదు, అంతే.

ముప్ఫయ్యొకటో ఉత్తరం దగ్గర ఆమె వేళ్ళు ఆగాయి. సంతకం లేదు, 'ఒక పాత అభిమాని, బల్లరాట్' అని ఊరి పేరు మాత్రం ఉంది. "కెల్విన్ పూజారిలా నిలబడి, బట్టలకి పెట్టే నీలిమందు బొట్టు బొట్టుగా నూనెలో కలుపుతుంటే, ఆ నీలం సముద్రమై మా మీదికి వచ్చేది. నా కళ్ళతో చూశాను."

గ్లెనిస్ ఆ వాక్యాన్ని మళ్ళీ చదివింది. నీలిమందు సంగతి బల్లరాట్ మనిషికి ఎలా తెలిసింది? ఆ సంగతి హాల్లో ఎవరికీ తెలీదు. అది పుట్టింది కెల్విన్ వాళ్ళమ్మ ఇంటి పెరట్లో, బట్టల తొట్టి దగ్గర. బ్యాండు నలుగురి తెల్ల చొక్కాలూ ప్రతి ఆదివారం గ్లెనిసే ఉతికేది. 'కెల్విన్ ప్రేమించిన పిల్ల' కదా, ఉతుకుతుంది. ఒకనాడు తొట్టి నీళ్ళ మీద ఎండ పడి, నీలిమందు నీడ గోడ మీద కదిలింది. అక్కడే ఆమె బుర్రలో దీపం వెలిగింది. అప్పటికి కెల్విన్ దుప్పటి మీద రంగులు వేసే ప్రొజెక్టరు దగ్గర మూడు వారాలే పనిచేశాడు. బల్బు వేడికి వేళ్ళు కాలాయని మానేసి, స్టేజీ పక్కన సిగరెట్టు పట్టుకుని నిలబడేవాడు. మిగతా రెండేళ్ళ చిల్లర శనివారాలూ హాలు చివర, మెట్ల మీద, ప్రొజెక్టరు వెనక మోకాళ్ళ మీద కూర్చున్నది గ్లెనిస్. తను పనిచేసే గడియారాల కొట్టు నుంచి ఉబ్బెత్తు అద్దాలు రెండు తెచ్చింది. కింది అద్దంలో నీళ్ళు, నూనె. పైన రెండో అద్దం. డ్రమ్ము కొట్టినప్పుడల్లా పై అద్దాన్ని వేలితో నొక్కితే గోడంతా గుండెలా కొట్టుకునేది.

అన్నిటికంటే పెద్ద అనుమానం వేరే ఉంది. నీలిమందు నూనెలో కలపడమేమిటి? నీలిమందు నీళ్ళది. నీళ్ళలో నానబెట్టి, పాత స్టాకింగులో వడకట్టి, తేరిన పై నీళ్ళు మాత్రం తీసుకోవాలి. నూనెకి కొవ్వొత్తుల్లో వేసే ఎర్రరంగు. రెండూ ఒకే అద్దంలో పడ్డా ఒకదాన్నొకటి ముట్టుకోవు, తోసుకుంటాయి. నీళ్ళూ నూనే కలవకపోవడమే ఆ ఆట మొత్తం. నూనెలో నీలం కలిపానని చెప్పేవాడు నీలిమందు ఇంట్లో చూసినవాడై ఉండాలి, చేత్తో ఒక్కసారి కూడా కలపనివాడై ఉండాలి. అలాంటి మనిషిని ఆమె ఒక్కణ్ణే ఎరుగును. అతనితో కాపురం చేస్తోంది.

ఆ రోజు నుంచి ఆమె కెల్విన్ని దొంగని చూసినట్టు చూడసాగింది. టోస్టుకి వెన్న రాసుకుంటూ అతను అడిగాడు, "బల్లరాట్ ఉత్తరం టైపు చేశావా? చాలా బాగుందట."

"బాగుందని ఎవరన్నారు? పెట్టెకి వేసిన టేపు నేనేగా విప్పింది."

"ఎవరో అన్నార్లే. ప్రతిదానికీ పోలీసులా అడుగుతావేంటి?"

పోలీసులాగే అడగాలనిపించింది. రెండేళ్ళ పాటు ఆమె చేతులు మణికట్టు దాకా నీలంగా ఉండేవి. పెళ్ళికి ముందురోజు అత్తగారు ఆ చేతులు పట్టుకుని, "ఇంకుసీసాలో ముంచినట్టున్నాయి. ఫొటోలో పడితే మా పరువేం కాను? మోచేతుల దాకా గ్లవ్స్ తొడగండి," అంది. తొడిగారు. ఆ ఫొటో ముందుగది గోడ మీదే ఉంది. తెల్ల గ్లవ్స్ చూసిన వాళ్ళందరూ ఎంత నాజూకుగా ఉన్నావో అంటారు. సాక్ష్యం మీద తొడుగు తొడిగి, దాన్నే నాజూకు అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం అభిమానులు పదిమంది ఇంటికొచ్చారు. శనివారం హాల్లో కెల్విన్ లైట్ల ఆట ఆడి చూపించాలి, దానికి రిహార్సలు. గ్లెనిస్ సాసేజ్ రోల్స్ ఓవెన్లోంచి తీసి పెట్టింది. సంఘం కార్యదర్శి డెస్ రెండు చేతులా రెండు తీసుకున్నాడు.

"డెస్, ఆ బల్లరాట్ అభిమాని ఎవరు?" అడిగింది.

డెస్ నోట్లో రోలుతోనే పకపకా నవ్వాడు. "నేనే! మా చెల్లెలు అక్కడుందిలే. కెల్విన్ పబ్బులో చెప్పాడు, నేను కాయితం మీద పెట్టా. వాడి గొప్ప వాడే రాసుకుంటే బాగోదుగా."

"మరి నా కళ్ళతో చూశానని రాశావు?"

"రాస్తూ రాస్తూ ఉంటే చూసినట్టే అనిపించింది గ్లెన్. ఒట్టు! ఇప్పుడు కళ్ళు మూసుకుంటే కనిపిస్తోంది కూడా."

పక్కనే ఉన్న రోండా చెయ్యెత్తింది. ఊదారంగు శాలువా, మెడలో పూసలు. ఈ సమావేశాలకి ఆవిడ పదహారేళ్ళ పిల్లలా తయారై వస్తుంది. "నేను నిజంగానే చూశానమ్మా. నూనె గిన్నెలో నీలం. కెల్విన్ చేతులు ఎంత అందంగా ఉండేవో."

"నువ్వెక్కడ నిలబడ్డావు రోండా?"

"ముందే, స్టేజీకి ఆనుకుని."

"ప్రొజెక్టరు హాలు చివర కదా ఉండేది? నీ వీపు వెనక."

రోండా శాలువా సర్దుకుంది. "తిరిగి చూసుంటాను. నువ్వు వచ్చినవాళ్ళ కోట్లు తీసుకునే గదిలో ఉండేదానివి కదూ, నీకేం తెలుస్తుంది?"

కోట్ల గది! గ్లెనిస్ బల్ల మీది ఖాళీ పళ్ళెం చేతిలోకి తీసుకుంది. ఆ గదిలోకి ఆమె జన్మలో అడుగు పెట్టలేదు. రోండా అబద్ధమాడటం లేదు. ఆడుంటే బాగుండేది, దెబ్బలాడొచ్చు. నిజంగా, ప్రేమగా, కోట్లు అందుకుంటున్న ఒక పిల్లని గుర్తుంచుకుంది. ఇన్నాళ్ళూ ఒక్క దొంగ కోసం వెతికింది గ్లెనిస్. గదినిండా దొంగలే, ఎవరికీ దొంగిలించామన్న సంగతి తెలీదు. ఒక్క క్షణం తన మీదే అనుమానం వచ్చింది. ఒకవేళ కోట్ల గదిలోనే ఉన్నానేమో? అంతమంది ఒకటంటే ఒక ఆడమనిషి గుర్తుకి విలువేముంటుంది? వేళ్ళకేసి చూసుకుంది. బొటనవేలు దానంతటదే డ్రమ్ము తాళానికి పళ్ళెం అంచుని నొక్కుతోంది. వేళ్ళకి ఎవరూ పబ్బులో కథలు చెప్పలేదు.

కెల్విన్ పరదాలు లాగాడు. ముందుగది చీకటైంది. "గ్లెన్, రంగులు కలిపి పట్రా బంగారం."

ఆమె వెళ్ళి నీలిమందు మూట, నూనె సీసా, నీళ్ళ జగ్గు, ఎర్రరంగు, రెండు అద్దాలు తెచ్చి అతని ముందు పెట్టింది.

"కలపలేదేంటి?"

"నువ్వే కలుపు. ఉత్తరంలో రాసినట్టు."

అందరూ చప్పట్లు కొట్టారు. కెల్విన్ ఆమెకేసి ఒకసారి చూసి, నీలిమందు నూనెలో వేసి గరిటెతో తిప్పాడు. అద్దంలో పోసి బల్బు వేశాడు. గోడ మీద సముద్రం రాలేదు. ఈగలు ముసిరినట్టు నల్లని పలుకులు కూడుకుని, ఒక మూలకి జారి ఆగిపోయాయి.

"నూనె పాతదై ఉంటుంది," అన్నాడు కెల్విన్.

"నూనె కాదురా," డెస్ నిట్టూర్చాడు. "ఆ రోజుల్లో నీలిమందే వేరు. ఇప్పుడన్నీ కల్తీ."

"అవునవును, అప్పటి సరుకేది," అన్నారు నలుగురు. నీలిమందుని అనుమానించారు, నూనెని అనుమానించారు, ఆస్ట్రేలియా అంతటినీ అనుమానించారు. కెల్విన్ని మాత్రం ఎవరూ అనుమానించలేదు.

గ్లెనిస్ కార్పెట్ మీద మోకాళ్ళ మీద కూర్చుంది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. అద్దం తుడిచింది. నీలాన్ని నీళ్ళలో తిప్పి, కాసేపు తేరనిచ్చి, పైది పోసింది. ఎర్రరంగు వేసిన నూనె మూడు చుక్కలు వేసింది. రెండో అద్దం పెట్టి వేలితో నొక్కింది. గోడ కదిలింది. ఎర్రని దీవులు నీలం మీద పగిలి, పుట్టి, ఒకదాన్నొకటి తరుముకుంటూ కప్పు దాకా ఎగబాకాయి. పాట లేదు. ఆమె వేలే డ్రమ్ము. రోండా వెక్కి వెక్కి ఏడ్చింది. "అదే! అదే ఇది! మళ్ళీ చూస్తాననుకోలేదు."

డెస్ కళ్ళు తుడుచుకుని కెల్విన్ భుజం తట్టాడు. "ఎంత బాగా నేర్పావురా దీనికి!"

కెల్విన్ గోడకేసి చూస్తూ, "దానికి ఓపికెక్కువలే," అన్నాడు.

గ్లెనిస్ బల్బు ఆర్పేసింది. ఇంతకాలం ఆమె అనుకునేది, అడిగితే చెప్తాను, చూపిస్తే తెలుస్తుంది అని. ఎవరూ అడగలేదు. చూపించినా వాళ్ళకి తెలియలేదు. కళ్ళు వాళ్ళవే, చూపుని మాత్రం ఎప్పుడో ఎవరో నింపి మూత బిగించారు. ఇక ఆ గోడ మీద ఆమె చూపించాల్సిందేమీ లేదు. రాయాల్సింది ఉంది.

సోమవారం పొద్దున్నే మొదటి పేజీ తెరిచింది. నాలుగు పేర్లూ ఉన్నవి ఉన్నట్టే ఉంచింది. అయిదోదాన్ని చెరిపి, 'లైట్లు: జి. పాస్కో' అని కొట్టింది. పాస్కో ఆమె పుట్టింటి పేరు. అరవై ఎనిమిదిలో ఆమెకి ట్రాంటర్ అనే పేరే లేదు. మెట్ల మీద కూర్చున్నది పాస్కో, రంగు కలిపింది పాస్కో. పేజీని డెస్‌కి పంపించి, బట్టలు ఆరెయ్యడానికి పెరట్లోకి వెళ్ళింది.

మంగళవారం టిఫిను వేళకి ఫోను మోగింది. కెల్విన్ పేపరు చదువుకుంటున్నాడు. గ్లెనిస్ అతనికి వినపడేలా స్పీకరు నొక్కింది.

"గ్లెన్, పలక చెక్కేవాడు పేజీ అడుగుతున్నాడు," అన్నాడు డెస్. "లైట్ల దగ్గర ఏదో పాస్కో అని పడింది. ఎవరతను?"

"గుర్తు చేసుకో. నువ్వక్కడే ఉన్నావుగా."

కెల్విన్ పేపరు దించాడు. "తప్పు పడిందని చెప్పు," అన్నాడు పెదవులతోనే.

అవతల డెస్ గొణుక్కున్నాడు. "పాస్కో... పాస్కో... ఆఁ! ఎందుకు గుర్తులేడూ! పొడుగ్గా, ఎర్ర గడ్డంతో. మెట్ల మీద కూర్చునేవాడు, అవునా? ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అబ్బ, ఏం పనిమంతుడు! మన కెల్విన్‌కి అన్నీ నేర్పింది అతనే అయ్యుండాలి. బతికే ఉన్నాడంటావా?"

కెల్విన్ చెయ్యి ఫోను వైపు వచ్చింది. గ్లెనిస్ ఆ చేతిని పక్కకి తోసింది.

"బతికే ఉంది డెస్. చెక్కేవాడికి పేజీ అలాగే పంపించు. గడ్డం మాత్రం నాకెప్పుడూ మొలవలేదు."