గాజుగుడ్డకు చెంప పరీక్ష

అక్క పడవలు కడుతుంది. తమ్ముడు కస్టమ్స్ ఆఫీసు మెట్లు ఎక్కి దిగుతాడు. అంటే, ఓడలో వచ్చిన సరుకు విడిపించే ఏజెంటు. లైసెన్సు చేతికొచ్చి ఏడాదైనా అక్క అతనికి ఒక్క పెట్టె అప్పగించిన పాపాన పోలేదు. "పాలు తెమ్మంటే గిన్నె మరిచి వెళ్ళే రకానివి" అనేది. ఈసారి మాత్రం ఏ కళనుందో, గాజుగుడ్డ, అంటే పడవకి పరిచే ఫైబర్‌గ్లాసు గుడ్డ, చుట్టలు విడిపించే పని అతని నెత్తిన పెట్టింది.

"సాయంత్రం గోదాము గేటు మూసేలోగా సరుకు నా షెడ్డుకి రావాలిరా," అంది ఫోన్లో. "పడవ అచ్చు అద్దెది. ఎల్లుండి పొద్దున్నే వాళ్ళు పట్టుకుపోతారు. ఇవాళ గుడ్డ పరిచి బంక పట్టిస్తేనే అప్పటికి గట్టిపడేది. లేకపోతే ఈ ఏడాదికి పడవ లేదు."

"పెద్ద ఏజెంటుకి ఇవ్వమని చెప్తే విన్నావా?" అని బావ పక్కనుంచి గొణగడం తమ్ముడికి శుభ్రంగా వినబడింది. ఆ మాట అతని చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

గుడ్డ అన్నాక బట్టే కదా అనుకుని, నమూనా ముక్క చంకలో పెట్టుకుని, తిన్నగా కింది అంతస్తులోని బట్టల సెక్షనుకి వెళ్ళాడు. అక్కడి అధికారిని అందరూ చెంపాయన అంటారు. ఏ బట్టనైనా చెంపకి రాసుకుని, కళ్ళు మూసుకుని, నూలో పట్టో, కల్తీ ఎంతో చెప్పేస్తాడు. ఆ చెంప మీద ఆయనకి ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. అలాంటి మనిషి ఈ ముక్కని వేలితోనైనా తాకలేదు.

"గాజు అని రాసుంది. గాజు సెక్షను పైన," అన్నాడు.

పైన అద్దాలమ్మ. ముక్కు మీద దళసరి కళ్ళద్దాలు, చేతి కింద గాజు సెక్షను, రెండిటికీ కలిపి ఒకటే పేరు. ఆవిడ ముక్కని వెలుతురుకి ఎత్తి చూసి, నమూనా అంచు రాలకుండా బల్ల మీది అతుకు టేపుతో అంటించింది.

"గాజుపోగుతో నేసిందేదైనా నాదే," అంది. "బట్టల పద్దులో వెయ్యకూడదు. కానీ నా పద్దులోనూ దీనికి ఒకే గది లేదు, రకాన్ని బట్టి చాలా ఉన్నాయి. దగ్గర నేతా, సందుల నేతా? సాదా నేతా, ఇంకోటా? నూలులా వడికిన పోగా, వడకని లావు పోగా? పైన పూత ఉందా? నేత సంగతి బట్టలవాళ్ళు తేల్చి సంతకం పెట్టాలి. ఇక్కడి పద్ధతి అది."

"ఒక్క ఫోను చేసి అడగండి మేడం."

"ఆయనతో నాకు మాటల్లేవు."

ఆఫీసులో పిల్లికి కూడా తెలిసిన సంగతి తమ్ముడికి అప్పుడు తెలిసింది. వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలు. ఆవిడ ముచ్చటపడి కర్టెన్లు కొంటే, ఆయన చుట్టాల ముందు వాటిని చెంపకి రాసుకుని "నాసిరకం" అన్నాడట, "మీరే నాసిరకం మనిషి" అని ఆవిడ అందట. ఆనాటినుంచి ఇంట్లో సైగలు, ఆఫీసులో అవి కూడా లేవు.

ఇక తమ్ముడి పాట్లు మొదలయ్యాయి. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. "నేత చూడమని మేడం అడిగారు సార్," అని కిందకి వస్తే, "నాసిరకం మనిషి అభిప్రాయం ఆవిడకెందుకో కనుక్కో," అని ఆయన పైకి తోలాడు. పైకి వెళితే, "కొందరికి నోరు ఒక్కటే సెక్షను, దానికి సుంకం లేదు," అని ఆవిడ కిందకి తోలింది. పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి తిట్టుకోవడం చూశాం గాని, ఆ పిల్లీ ఎలుకా కూడా తనే అయిన మనిషిని ఎవరు చూశారు? ఇంతలో చంకలో ఏదో చురచురమంది. చెమట అనుకున్నాడు.

గడియారం మాత్రం ఎవరి పక్షమూ కాకుండా నడిచిపోతోంది. తమ్ముడికి ఏడుపొక్కటే తక్కువ. ఆఖరిసారి పైకి వెళ్ళినప్పుడు అద్దాలమ్మ భూతద్దం ఇచ్చి, "చెంపతో కాదు, దీంతో చూసి చెప్పమను," అంది. ఆ మాట పొల్లుపోకుండా కిందకి మోశాడు.

చెంపాయన కుర్చీలోంచి లేచాడు. "నా చెంపనే అంటుందా?" అని భూతద్దం పక్కన పడేసి, ముక్క లాక్కుని కుడి చెంపకి రుద్దాడు. చాలక ఎడమ చెంపకీ రుద్దాడు. కళ్ళు మూసుకుని, "సాదా నేత. దగ్గర నేత. వడికిన పోగు. పూత లేదు. పోయి చెప్పు," అన్నాడు.

తర్వాత కళ్ళు తెరిచాడు. చెంప గోక్కున్నాడు. మెడ గోక్కున్నాడు. ఆపై రెండు చేతులూ చాలలేదు. తమ్ముడికి తన చంకలోది చెమట కాదని అప్పుడు అర్థమైంది. అతనూ మొదలుపెట్టాడు. ఎదురెదురుగా నిలబడి ఇద్దరూ గోక్కుంటుంటే సెక్షను మొత్తం పని ఆపి చూసింది.

తమ్ముడు పైకి పరుగెత్తాడు. "మేడం, సారు సంతకం పెట్టే స్థితిలో లేరు."

"చెంపకి రాసుకున్నాడా?"

"రెండు చెంపలకీ."

అద్దాలమ్మ టేపు చుట్ట తీసుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లు దిగింది. "చెయ్యి తియ్యండి. గోకితే గాజునలుసు లోపలికి దిగుతుంది," అని మొగుడి చెంప మీద టేపు అతికించి ఒక్క పీకు పీకింది. ఆయన కెవ్వుమన్నాడు. ఆవిడ ఇంకో ముక్క చింపింది.

"ఏం రకమండీ? నాసిరకమా?"

"మొదటిరకం," అన్నాడాయన కళ్ళనీళ్ళతో. "కర్టెన్లు కూడా మంచివేనే. చుట్టాల ముందు గొప్పకి పోయాను."

"ఆ మాట అప్పుడే ఏడిస్తే ఈ పీకుడు తప్పేదిగా," అని ఆవిడ ఇంకో చెంపకి అతికించింది. ఈసారి మెల్లగా పీకింది. ఇద్దరికీ నవ్వు వచ్చింది, ఎంతకీ ఆగలేదు. తమ్ముడికి వాళ్ళని చూస్తే ముచ్చటగానే ఉంది, కానీ గేటు మూసే వేళ దగ్గరపడుతోంది. సిగ్గు విడిచి ఇద్దరి మధ్యా దూరి, ముక్క బల్ల మీద పరిచి, "సార్, మా అక్క పడవ," అన్నాడు.

ఆవిడ భూతద్దం పట్టుకుంది. ఆయన సూదిమొనతో పోగులు విడదీసి చూశాడు. చెంప చెప్పిందాంట్లో ఒక్క అక్షరం తప్పులేదని తేలింది. ఆయన గర్వంగా గోక్కుంటూ సంతకం పెట్టాడు, ఆవిడ గాజు పద్దులో దాని గది రాసి ముద్ర కొట్టింది.

గోదాము కాపలావాడు గేటు ఒక రెక్క మూసేశాక లారీ బయటపడింది.

షెడ్డులో అక్క చుట్ట విప్పి అంచు చూసింది, నేత చూసింది, ఎక్కడా తడవలేదని చూసింది. ఆ తర్వాత తమ్ముణ్ణి చూసింది.

"ఏమిట్రా ఆ గోకుడు?"

"పొద్దున్నుంచీ నమూనా చంకలో పెట్టుకుని తిరిగానక్కా."

"చంకలోనా?" అని అక్క అచ్చుకి ఆనుకుని పడీపడీ నవ్వింది. నవ్వుతూనే బావకి వినబడేలా, "వచ్చే నెల ఇంజను దిగుతుంది. అదీ నువ్వే చూడాలి," అంది.

అక్క దగ్గరికి వచ్చి అతన్ని గట్టిగా వాటేసుకుంది. ఆవిడ పనిబట్టల నిండా గాజుపొడి. కొత్త దురద మెడమీంచి వీపు దాకా పాకింది. తమ్ముడు గోక్కోలేదు. బంకలో మందు కలిపేశాను, గట్టిపడిపోతోంది, ఇక రండి అని బావ అరిచేదాకా అక్కని వదల్లేదు.