బండ పక్క ముళ్లకంప

రిటైరైన మర్నాడు ఏ మనిషైనా కాస్త ఎండెక్కేదాకా పడుకుంటాడు. ఇనస్పెక్టరుగారు పడుకోలేదు. తూనికలూ కొలతల శాఖలో జుట్టు నెరిసేదాకా పనిచేసిన మనిషి. కొట్లో అడుగుపెడుతూనే తక్కెడ పళ్లెం అడుగున అంటించిన మైనం ముద్దను పట్టేసే కళ్లు ఆయనవి. అలాంటి కళ్లు ఇంట్లో ఊరికే ఎలా ఉంటాయి? ముందు వంటింట్లో డబ్బాలు తనిఖీ చేశారు. తర్వాత భార్య కుట్టుమిషను మీది టేపు లాక్కుని, అది వాడివాడి సాగిపోయిందనీ, దాంతో కొలిచి కుట్టిన చొక్కాలేవీ చట్టరీత్యా చెల్లవనీ తేల్చారు.

వీధి గదిలో మిషను వేసుకుని సగం వీధికి బట్టలు కుట్టిపెట్టే ఆ భార్యని అందరూ టైలరమ్మ అంటారు. నోట్లో గుండుసూదులుండబట్టి ఆయనకి ఆ పూట గండం గడిచింది. సూదులు తీశాక కూడా పాపం మెత్తగానే అడిగింది.

"ఏమండీ, ఇంటిముందు అంత జాగా ఖాళీగా ఉంది. నాలుగు మొక్కలు పెట్టుకోకూడదూ?"

కొరివితో తల గోక్కున్నానని ఆవిడకు తర్వాత గానీ తెలియలేదు.

ఇనస్పెక్టరుగారు మొక్కలు పెట్టలేదు, గులాబీల శాఖ ప్రారంభించారు. నర్సరీవాళ్ల రంగుల పుస్తకం ముందేసుకుని, పేరులో రాజరికం ఉన్నవన్నీ తెప్పించారు. మహారాణి, యువరాణి, చక్రవర్తి, సేనాపతి. ఒక్కోదాని పక్కన ఒక రేకుముక్క పాతి దానిమీద పేరు రాయించారు. గొయ్యి లోతు స్కేలు పెట్టి చూశారు. ఎరువు తూచి వేశారు. కొమ్మలన్నీ ఒకే ఎత్తున కత్తిరించడానికి తాపీమేస్త్రీని అడిగి రసమట్టం తెచ్చారు. పొద్దున ఒక మందు, సాయంత్రం ఇంకో మందు. పురుగు పడితే ఆ పురుగుకి, పడకపోతే పడబోయే పురుగుకి. మధ్యలో ఖాళీ దొరికినప్పుడల్లా నీళ్లు.

అంత సేవకి ఏ ప్రాణి తట్టుకుంటుంది? ముందు సేనాపతి ఆకులు రాల్చాడు. అతని వెనకే చక్రవర్తి. యువరాణి కొస నుంచి నల్లబడుతూ కిందికి దిగింది. మహారాణిగారు ఒక్క మొగ్గ తొడిగి, ఈ ఇంట్లో దాన్ని విప్పి లాభం లేదనుకుందో ఏమో, అలాగే మోడై నిలబడిపోయింది.

"మందు చాల్లేదు" అన్నారు ఇనస్పెక్టరుగారు.

ఇంటి వెనక, బట్టలుతికే బండ పక్కన, ఇంకో గులాబీ ఉంది. దానికి పేరూ లేదు, రేకుముక్కా లేదు. బట్టలు జాడించిన నీళ్లే దానికి తిండీ తీర్థమూ. తీగ మీద ఆరేసిన దుప్పటికి అడ్డమొస్తే టైలరమ్మ గుడ్డల కత్తెరతోనే ఒక కొమ్మ టక్కున కోసేసేది. అదే దానికి జరిగే సేవంతా. ఒకసారి ఎవరిదో మేక గోడ దూకి మొదలంటా మేసిపోతే, కొన్నాళ్లకే రెట్టింపు కోపంతో లేచింది. లేత గులాబీ రంగు పూలు. దిండులో దూది కుక్కినట్టు రేకులు. పూత మీదున్నప్పుడు ఆ ఇంట్లో ఉతికిన బట్టలన్నీ అదే వాసన వేసేవి, ఇనస్పెక్టరుగారి బనీన్లతో సహా.

అది టైలరమ్మ తల్లి పెరట్లోది. పెళ్లయి వస్తూ ఒక కొమ్మ తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. ఆ తర్వాత భర్తకి ఎక్కడికి బదిలీ అయితే అక్కడ, అద్దె ఇంటి వెనక ఒక కొమ్మ గుచ్చేది. మళ్లీ బదిలీ కాగితం వచ్చేసరికి పొదని ఇంటివాళ్లకి వదిలేసి, ఇంకో కొమ్మ కోసుకుని లారీ ఎక్కేది. ఆయన బీరువాకి తాడు బిగిసిందా లేదా అని వెనక్కి తిరిగి చూసుకుంటూ ఉంటే, ఆవిడ ఒళ్లో టిఫిన్ డబ్బాలో ఆ కొమ్మ ప్రయాణం చేసేది. ఇప్పుడు అమ్మ లేదు. అమ్మ పెరడు మీద ఎవరో మేడ కట్టుకున్నారు. ఈ పొద ఒక్కటే మిగిలింది. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవాల్సినదానితో రోజూ బట్టలుతుకుతూ మాట్లాడుతూనే ఉంది కదా.

ఇనస్పెక్టరుగారికి మాత్రం అది ముళ్లకంప. స్నానానికి వెళ్తూ ఎన్ని తువ్వాళ్లు చింపుకున్నారో ఆయనకే తెలుసు.

వానాకాలం మొదట్లో ఒకనాడు అన్నం ముందు కూర్చుని ప్రకటన చేశారు.

"చలి మొదలవగానే వెనక ఆ ముళ్లకంప తవ్వించేస్తున్నా. అక్కడ మందుల గది కట్టాలి."

"మందులకి గదేంటండీ?"

"మెట్ల కింద పెడితే వాటి పవరు పోతోందే. అందుకే మొక్కలు కోలుకోవట్లేదు."

"పోయినవాళ్లకి ఇప్పుడు ఆసుపత్రి కట్టిస్తారా?" అంది ఆయన అక్క. ఎదురింట్లోనే ఉంటుంది. కాఫీకని వచ్చి భోజనం దాకా ఉండిపోవడం ఆవిడ అలవాటు.

"నువ్వూరుకో అక్కా, నీకు తెలీదు."

"ఏమండీ, అది మా అమ్మ..." అని మొదలుపెట్టింది టైలరమ్మ.

"మహారాణి పూలు తెచ్చి చేతికిస్తానంటుంటే కంప కోసం ఏడుస్తావేంటే!" అని ఆయన మజ్జిగ పోసుకున్నారు. చర్చ ముగిసింది.

ఆవిడ ఏడవలేదు. మర్నాడు ముసురు పట్టాక, పెన్సిలంత లావు కొమ్మలు నాలుగు కోసింది. కింది ఆకులు తుంచేసింది. గుచ్చడానికి చోటేది? ఇల్లంతా సిమెంటు. బండ పక్క మట్టి కాక మిగిలిన మట్టంతా గులాబీల శాఖ వారిదే. ఆయన అటు తిరిగి రేడియో సరిచేసుకుంటున్న సమయంలో, నలుగురు రాచవాళ్లూ పోయిన నాలుగు గోతుల్లో, వాళ్ల మోడుల పక్కనే నాలుగు కొమ్మలు గుచ్చేసి వచ్చింది. ఆ పాదులు ఆయన ఎవర్నీ ముట్టనివ్వరు. అంతకంటే భద్రమైన చోటు ఊళ్లో ఇంకెక్కడుంది?

ఒక్క భయం మాత్రం ఉంది, ఆయన సేవ. దానికీ ఉపాయం చూసింది. పిచికారీ డబ్బాలో మందు వంపేసి మంచినీళ్లు నింపింది. ఎరువు సంచిలో కాఫీ పిప్పి, ఎండుటాకుల పొడి కలిపి పోసింది. కల్తీ పట్టుకోవడమే బతుకుగా బతికిన మనిషి, పూటపూటా మంచినీళ్లని మూతికి గుడ్డ కట్టుకుని మరీ పిచికారీ చేశారు.

కొమ్మలు చిగుర్లేశాయి.

"ఏమేవ్! ఇలా రా! మహారాణి లేచిందే!"

టైలరమ్మ వచ్చి చూసింది. చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా. ఆయన మొహం చూశాక మళ్లీ మూసుకుంది. రిటైరయ్యాక ఆ మొహంలో అంత వెలుగు చూడటం అదే మొదలు. నాలుగు రోజులు సంబరపడనీ, తవ్వడం సంగతి మర్చిపోతారు అనుకుంది.

మర్చిపోయే మనిషైతే ఇనస్పెక్టరు ఎందుకవుతారు? పాదులు బాగుపడేకొద్దీ మందుల గది మీద నమ్మకం పెరిగింది. గేటు దగ్గర నిలబడి దారినపోయేవాళ్లకి పాఠాలు మొదలుపెట్టారు. పాలవాడు ఆ వీధి మానేసి చుట్టుతిరిగి రావడం అప్పట్నుంచే. చలి రాగానే మహారాణి రేకుముక్క పక్క మొగ్గ విచ్చింది. పుస్తకంలో మహారాణి చిక్కటి ఎరుపు. విచ్చినదేమో లేత గులాబీ.

"రంగు మారిందేరా తమ్ముడూ?" అంది అక్క.

"నేల గుణం అక్కా. మన మట్టిలో ఎరుపు విరుగుతుంది."

"మరి నలుగురూ ఒకే పోలికేంట్రా? కవలలా?"

"ఒకే వంశం!"

అక్క వంగి వాసన చూసింది. తలెత్తి మరదలి వంక చూసింది. తర్వాత కాఫీ ఉందా అని అడిగింది. అంతకంటే ఏమీ అనలేదు, మహాతల్లి.

మర్నాడు పొద్దున్నే గునపం పట్టుకుని కూలివాడు వచ్చాడు. ఇనస్పెక్టరుగారు పెరట్లో సున్నంతో గీత గీశారు. గీత సరిగ్గా పొద మొదలు మీంచి పోయింది. టైలరమ్మ పిండుతున్న దుప్పటి బండ మీద వదిలేసింది.

"తవ్వించండి. కానీ ముందు శాంపిల్ తీయండి."

"శాంపిలేంటే?"

"ఇన్నేళ్ల ఉద్యోగంలో శాంపిల్ తీయకుండా ఒక్క కొట్టైనా మూయించారా మీరు? వాడెంత దొంగైనా సరే, సాక్షిని నిలబెట్టి, కళ్లెదుట తూచి, అప్పుడు కదా సీలేసేవారు. నా చెట్టు కంప అని ఊరికే ఎలా తేల్చారు?"

ఆ మాట సూటిగా తగిలింది. శాంపిల్ లేకుండా ఆయన నిజంగానే ఎవర్నీ ఏమీ చేయలేదు.

"అక్కా, సాక్షిగా రా" అన్నారు.

బండ పక్క పువ్వు స్టీలు గ్లాసులో, ఇంటిముందు మహారాణి పాదులోది గాజు గ్లాసులో పెట్టింది టైలరమ్మ. అక్క ఆయన కళ్లకి తువ్వాలు కట్టి, కావాల్సినదానికంటే గట్టిగా ముడేసింది. గ్లాసులు ముక్కు దగ్గర పట్టింది. ఇనస్పెక్టరుగారు ఇటూ అటూ మూడు నాలుగుసార్లు పీల్చారు. పొద్దుటెండ ఇంకా గోడ దిగలేదు. టైలరమ్మ చేతుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. పొద్దున్నే పెట్టుకున్న ధైర్యం అప్పుడు కాస్త జారింది. రెండూ ఒకటే అని ఆవిడకి తెలుసు. ఒకటే అని ఆయన ఒప్పుకోవాలి కదా.

"ఇదీ!" అన్నారు ఎడమవైపు దాన్ని చేతిలోకి తీసుకుని. "ఇదీ మహారాణి. వాసనలో ఒక హుందాతనం ఉంది. ఆ రెండోదీ అలాగే ఉంది కానీ, కాస్త పలచన. పెరటి బుద్ధి ఎక్కడికి పోతుంది? అదే మీ కంప."

అక్క తువ్వాలు విప్పింది. ఆయన చేతిలో ఉన్నది స్టీలు గ్లాసు.

గునపం మనిషి దగ్గాడు. ఇనస్పెక్టరుగారు రెండు పూలూ పక్కపక్కన పెట్టి రేకులు విప్పి చూశారు. ఆకులు చూశారు. లేచి ముందు పాదుల దగ్గరికి వెళ్లి, ఒక ముల్లుని వేలితో నొక్కి, ఆ గుచ్చుడు తనకి చాలా ఏళ్లుగా తెలిసినదేనని గుర్తుపట్టి, తిరిగొచ్చారు.

"ఎప్పట్నుంచే ఇది?"

"ముసుర్లో గుచ్చానండీ."

"నేను కొట్టిన మందు?"

"మంచినీళ్లు."

"ఎరువు?"

"మీరు తాగిన కాఫీ పిప్పే."

"ఒక సరుకు పేరు పెట్టి ఇంకో సరుకు. దాంట్లో మళ్లీ కల్తీ. నా ఇంట్లో!" అన్నారాయన. "సర్వీసంతా వెతికినా ఇంత పకడ్బందీ కేసు దొరకలేదే నాకు."

"రాసుకోండి కేసు. ఎందుకు చేశావని మాత్రం అడగరు" అంది టైలరమ్మ. "మా అమ్మది ఇంకేం మిగిలిందండీ నాకు?"

ఆయన పొద వంక చూశారు. ఏవేవో ఊళ్లూ, లారీలూ, ఆవిడ ఒళ్లో టిఫిన్ డబ్బా. అందులో అన్నమే ఉందనుకున్నారు ఇన్నాళ్లూ. వెళ్లి ముందు పాదులోంచి మహారాణి పేరున్న రేకుముక్క పీకి చంకలో పెట్టుకున్నారు.

"నువ్వెళ్లవయ్యా" అన్నారు గునపం మనిషితో. ఆ తర్వాత కాలితో సున్నం గీత చెరిపేశారు.

టైలరమ్మ కళ్లు తుడుచుకుని దుప్పటి అందుకుంది. కథ అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన మెట్ల కిందికి వెళ్లి, పిచికారీ డబ్బా భుజానికి తగిలించుకుని, రసమట్టంతో సహా తిరిగొచ్చారు.

"ఇన్నాళ్లూ ఈ మొక్కకి అన్యాయం జరిగిపోయింది. ఇవాళ్టినుంచి దీని బాధ్యత పూర్తిగా నాది."

"అయ్యో అయ్యో! ఆ గునపం మనిషిని వెనక్కి పిలువు వదినా!" అని టైలరమ్మ పొదకి అడ్డంగా నిలబడింది. "ఈయన సేవకంటే వాడే నయం!"

పిచికారీ డబ్బా అక్క చేతిలోకి పోయింది. రసమట్టం మేస్త్రీ ఇంటికి చేరింది. ఆయనకి శిక్ష కూడా అక్కడే పడింది. రోజూ పొద్దున బండ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవాలి. పూలు చూడొచ్చు, వాసన పీల్చొచ్చు. చేతులు మాత్రం ఒళ్లోనే ఉండాలి.

అంత కఠిన శిక్ష ఆయన తన సర్వీసులో ఏ దొంగకీ వేయించలేదు. అయినా కూర్చుంటున్నారు. ఆవిడ బట్టలుతుకుతూ చెట్టుతో మాట్లాడితే, మధ్యలో ఆయన కూడా ఊ కొడుతున్నారు. ఎవరూ చూడట్లేదనుకున్నప్పుడు మెల్లిగా చెయ్యి జాపి ఒక పండుటాకు తుంచబోతారు. ఆవిడ తలెత్తకుండానే జాడిస్తున్న దుప్పటి కొస అటువైపు విదిలిస్తుంది. తుంపర్లు సగం ఆయన మీదా సగం చెట్టు మీదా పడతాయి.

చెట్టు మాత్రం బాగానే పూస్తోంది.