పెద్దామె పుట్టిల్లు

నంద్యాల నుంచి వచ్చిన లావణ్య, కంసాలి ఇచ్చిన చిన్న డబ్బీని అమ్మ చేతిలో పెట్టింది. రామేశ్వరమ్మ మూత తీసి, లోపలి బిళ్ళను కిటికీ వెలుగులో పట్టి చూసింది. బొటనవేలి గోరంత బంగారం. మీద చీర కట్టుకున్న ఆడమనిషి రూపు. కళ్లూ ముక్కూ లేవు, ఒట్టి గీతలే.

"మన చందన ఇంతకన్నా పొడుగు" అంది.

"బిళ్ళలో పొడుగేందమ్మా?"

చందన లావణ్య చెల్లెలు. గోస్పాడుకు కాపురానికి వెళ్లిన కొన్నేళ్లకే కామెర్లతో పోయింది. పిల్లలు లేరు. ఆమె భర్త హరీష్ ఇప్పుడు మళ్లీ పెళ్లి చేసుకుంటున్నాడు. అమ్మాయిది సున్నిపెంట.

రామేశ్వరమ్మ చేయించింది సవతి బిళ్ళ. పోయిన మొదటి భార్య గుర్తుగా రెండో భార్య మెడలో, తాళి పక్కన ఉండేది. మొదటామె తల్లి తన చేత్తో కడితే ఆ కొత్తమ్మాయి ఈ ఇంటికీ కూతురే. హరీష్ అల్లుడుగానే ఉంటాడు. కట్టకపోతే పెళ్లినాటి నుంచి ఈ ఇంటికీ అతనికీ చుట్టరికం లేదు. రామేశ్వరమ్మకు మిగిలిన ఆశ ఆ గోరంత బంగారమే.

ఆళ్లగడ్డ పక్కనున్న రామేశ్వరమ్మ వాళ్ల పల్లెకు ఆ రోజే పార్వేట ఉత్సవం. అహోబిలం నరసింహస్వామి పల్లకిలో ఊరూరూ తిరిగి తన పెళ్లికి రమ్మని పిలుస్తాడు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు గనుక ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆయనకు అత్తవారి ఊళ్లే. అల్లుడికి పెట్టినట్టే ఆయనకూ కొత్తబట్టలు పెడతారు.

హరీష్ కూడా తన పెళ్లిపత్రిక పట్టుకుని అదే రోజు వచ్చాడు. లావణ్య నాన్న రంగయ్య అతనికి ఎదురుపడలేక పొద్దున్నే చేనికి వెళ్లిపోయాడు. రామేశ్వరమ్మ మాత్రం ఓళిగలు చేసి, నెయ్యి వేసి పెట్టింది.

"తిను నాయనా. సగం మనిషివైపోయినావే."

"తింటాండా అత్తా."

ఆమె డబ్బీ తెరిచి పళ్లెం పక్కన పెట్టింది. "ముహూర్తానికి ముందే వస్తా. ఆ పాప మెడలో నా చేత్తో కట్టి వచ్చేస్తా. భోజనానికి గూడా ఉండను."

హరీష్ తుంచిన ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"వదినా, నువ్వన్నా చెప్పు. సచ్చిన మనిషి బొమ్మ మెడలో ఏందంటారు సున్నిపెంటోళ్లు. ఆ పిల్ల బెదురుకుంటాది."

"బెదురేందప్పా?" అంది రామేశ్వరమ్మ. "మాయత్త సచ్చేదాకా వేసుకున్నింది. ఆయమ్మకు దయ్యం పట్టిందా?"

"ఆ కాలం వేరే అత్తా."

"వాళ్లనొక మాట అడిగినావా?"

హరీష్ పళ్లెంలోకి చూశాడు. అడగలేదు.

ఇంతలో వీధిలో డప్పులు వినిపించాయి. ముగ్గురూ లేచి బయటికి వచ్చారు. బోయీలు పల్లకిని అరుగు మీద దించారు. ఎదురింటి సుబ్బలక్ష్మమ్మ అప్పటికే స్వామితో తగువు పెట్టుకుంది.

"ఏంది సామీ, ఏటేటా పెండ్లేనా నీకు? బట్టలు పెట్టీ పెట్టీ మా కొంపలు గుల్లైపోతాండాయి!"

ఆడవాళ్లంతా నవ్వారు. వెనక హరీష్ ఉన్నాడని చూసి సుబ్బలక్ష్మమ్మ నోరు మూసుకుంది.

పూజారి రామేశ్వరమ్మ చేతిలో పంచె తీసుకుని పేర్లడిగాడు. ఏటా చెప్పే పేర్లే, కూతుళ్లవీ అల్లుళ్లవీ. పోయినేడు చందన పోయిన మైలని ఆమె పల్లకి దగ్గరికి రాలేదు.

"పవన్, లావణ్య" అంది. "హరీష్..."

ఆగింది. పూజారి తల వంచి ఎదురు చూశాడు. చనిపోయినవాళ్ల పేరు అర్చనలో చెప్పకూడదు. డప్పులవాళ్లు కూడా ఆగి చూస్తున్నారు.

"నాగవేణి" అన్నాడు వెనక నుంచి హరీష్.

ఆ అమ్మాయి పేరు రామేశ్వరమ్మ వినడం అదే మొదలు. పత్రిక ఇంకా విప్పలేదు. పూజారి హరీష్, నాగవేణి పేర్లు కలిపి వీధంతా వినపడేట్టు చదివాడు. ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. హారతి పళ్లెం పక్కింటికి వెళ్లినా దించలేదు. లావణ్యే పట్టుకుని దించింది.

హరీష్ మళ్లీ ఇంట్లోకి రాలేదు. బండి మీద కూర్చుని, "పోయొస్తా అత్తా" అన్నాడు.

"పో నాయనా. ఎండెక్కుతాంది."

ఎప్పుడూ పోయిరా అనే మనిషి.

బండి మలుపు తిరిగింది. పల్లకి ఇంకో వీధిలోకి వెళ్లింది. రామేశ్వరమ్మ గడప మీదే కూర్చుంది.

"చెంచులక్ష్మి తల్లిగారోళ్లను పిలిసేదానికి సామి ఇన్నూర్లు తిరుగుతాడు గదా. పెద్దామె లక్ష్మమ్మ తల్లిగారింటికి పిలుపు ఎవురు తీస్కపోతారు?"

"ఆయమ్మ పుట్టిల్లు సముద్రం గదమ్మా."

"అవును." కొంగుతో మొహం తుడుచుకుంది. "పల్లకి అంత దూరం పోదులే."

లోపల, హరీష్ వదిలేసిన ఓళిగ మీద ఈగలు వాలుతున్నాయి. లావణ్య పళ్లెం తీసి, డబ్బీకి మూత పెట్టింది.