చక్కర్‌లో పోయిన దొర

రాయ్‌పూర్‌లోని ఆ తెలుగు చర్చిలో కెప్టెన్ రాండల్ దొర పేరు ఎరగనివాళ్లు లేరు. ఐర్లండులో కోటా, తోటలూ ఉన్న జమీందారు కొడుకు. నడక రాకముందే గుర్రమెక్కాడట! అశ్విక దళంలో ఆఫీసరై ఇటొచ్చి, యుద్ధాల్లేని రోజుల్లో పోలో ఆడి, కప్పుల మీద కప్పులు గెలిచి, ముప్పై నిండకుండానే పోయాడు. ఆయన గుర్రాల్ని చూసుకున్న ఎలీషా, ఈ చర్చికే వచ్చే దానియేలుకి సొంత తాత. "దొర చక్కర్‌లో పోయాడ్రా" అని తాత అన్న ఒక్క ముక్కే ఇంట్లో మిగిలింది. ఇక్కడి హిందీలో చక్కర్ వచ్చిందంటే కళ్లు తిరిగాయని. ఊరికే ఎందుకు తిరుగుతాయి? ఇంకేం, దొర తాగి గుర్రం మీంచి పడ్డాడని అందరూ తేల్చేశారు.

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, దానియేలు భార్య విజయకుమారి కాపురం నిలబెట్టింది ఆ దొరే. ఉర్లా ఫ్యాక్టరీలో ఫిట్టరు పని చేసే రోజుల్లో దానియేలు తూలకుండా ఇల్లు చేరేవాడు కాదు. ఓసారి సైకిలుతో సహా కాలువలో పడ్డాడు. "అంత దొరే పోయాడు, నేనెంత?" అని ఆ దెబ్బతో మందు మానేశాడు. చర్చిలో కుర్రాళ్లకీ అదే సాక్ష్యం చెప్పేవాడు.

మొన్న డిసెంబర్లో దొర తమ్ముడి మనవరాలు సమాధి చూడ్డానికొచ్చింది. నర్సుగా చేసిన విజయకుమారికి ఇంగ్లీషు వచ్చు కాబట్టి దుబాసీ పని ఆవిడ నెత్తిన పడింది. దానియేలు చెప్పిన కథ విని ఆ పిల్ల పకపకా నవ్వింది. పోలోలో ఒక్కో విడత ఆటని చక్కర్ అనే అంటారట. నాలుగో చక్కర్‌లో గుర్రం తొట్రుపడి, దొర కిందపడి పోయాడట. జన్మలో చుక్క ముట్టినవాడు కాదట.

విజయకుమారి దానియేలు వంక చూసింది. ఇది చెబితే ఈ మనిషి మళ్లీ సీసా పట్టుకుంటాడేమో!

"ఏమంటుందే?" అన్నాడు దానియేలు.

"అవునంటుందండీ. చక్కర్‌లోనే పోయాడంట."

అబద్ధమేం కాదుగా అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

పిల్లని కారెక్కించి, టాటీబంధ్ సెంటర్లో ఇద్దరూ టీ తాగుతుంటే దానియేలు మెల్లగా అన్నాడు.

"ఆ పిల్ల అన్న నెవర్ డ్రింక్‌కి మతలబు నాకు తెలీదనుకున్నావా?"

ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "మరి... ఇప్పుడెలాగండీ?"

"అరే, ఎలాగేంటే? ఆయన తాగలేదని ఇప్పుడు నన్ను తాగమంటావా?"

విజయకుమారికి ఏడుపు ఆగలేదు. దానియేలు బిత్తరపోయాడు.

"ఇన్నేళ్లూ నేను మళ్లీ తాగుతాననే భయంతోనే ఉన్నావా?"

అవునని తలూపింది.