పాలు తాగిన పొర

నేను ఒక తెల్లని పొరను. అరచేతిలో ఇమిడిపోతాను. కాగితంలా కనిపిస్తాను గానీ, నా మీద రాద్దామనుకుంటే మీ ఖర్మ! ఎక్కడో ఫ్యాక్టరీలో చుట్టగా పుట్టి, హైదరాబాదులో ఒక ప్రయోగశాలకు చేరాను. అక్కడి శాస్త్రవేత్త వారిజ నన్ను ఒట్టి చేత్తో ముట్టుకోదు. వేలి మీది ప్రొటీన్ కూడా నాకు అంటుకుంటుందట. అంత మడి నాది!

ఆ రోజు నా దగ్గరికి ఒక పసివాడి కండ వచ్చింది. అనంతపురం వైపు నుంచి వచ్చిన ఓబులేసు కొడుకు, నడుస్తూ నడుస్తూనే పడిపోతున్నాడు. కండను కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ వాడిలో బొత్తిగా లేదా, కాస్తయినా ఉందా? బొత్తిగా లేకపోతే జబ్బు తొందరగా ముదురుతుంది. తొడ నుంచి తీసిన గోరంత ముక్కా ఈ పరీక్షకే సరిపోయింది. నేను పాడైతే పిల్లవాణ్ణి మళ్లీ కోయాల్సిందే.

ముక్కను కరిగించి, జిగురు పలకలో పోసి కరెంటు పెట్టారు. పక్క వరసలో ఆరోగ్యవంతుడి కండ. చిన్న ప్రొటీన్లు కిందికి పరుగెత్తాయి, పెద్దవి పైనే ఆగాయి. తర్వాత నన్ను పలకకు ఆనించి మళ్లీ కరెంటు పెడితే, అవన్నీ వరస తప్పకుండా నా మీదికొచ్చి కూర్చున్నాయి. అబ్బ, ఏం క్రమశిక్షణ!

ఇక నాకు పాలు పట్టాలి. నవ్వకండి, వాళ్లు అనే మాటే అది. నాలో ఖాళీ ఉన్నచోటల్లా పాలపొడి నీళ్లు పట్టిస్తేనే, ఆ తర్వాత పోసే యాంటీబాడీ డిస్ట్రోఫిన్‌ను మాత్రమే వెతికి పట్టుకుంటుంది. లేదంటే నా ఒళ్లంతా అంటుకుని, గీత ఏదో ఖాళీ ఏదో తెలియకుండా చేస్తుంది. ఇంత విజ్ఞానమూ చివరికి పాలపొడి డబ్బా మీద ఆధారపడింది చూడండి! ఆ పని నస్రీన్‌ది. పురిటి సెలవు ముగించుకుని మొన్ననే వచ్చింది, బిడ్డను కింది అంతస్తులో ఆయా దగ్గర ఉంచింది.

వారిజ ఆమెకు ఫోన్ చేసింది. "పాలు పట్టావా?"

"ఎప్పుడో పట్టిన అక్కా! ఇగ వస్తున్న."

వారిజ యాంటీబాడీ అందుకుంది. నేనేమో ఉప్పునీళ్లలో పాలచుక్క ఎరగకుండా ఉన్నాను. ఆగవే తల్లీ అని అరుద్దామంటే నోరేది? ఆమె చెయ్యి నా మీదికి వంగేసరికి నస్రీన్ పాలపొడి డబ్బాతో వచ్చింది.

"అయ్యో ఆగక్కా! దానికింకా పాలు పట్టలే!"

"పట్టానన్నావుగా!"

"నేన్ చెప్పింది మా పోరగాని సంగతి!"

వారిజ స్టూలు మీద చతికిలబడి నవ్వింది. యాంటీబాడీని పక్కన పెట్టింది. నేను కడుపారా తాగాను.

యాంటీబాడీ పోశారు, కడిగారు, యాంటీబాడీ అంటుకున్నచోట వెలుగునిచ్చే మందు చల్లి చీకటి పెట్టెలో కెమెరా కింద పడుకోబెట్టారు. ఆరోగ్యవంతుడి గీత వెంటనే వెలిగింది. పిల్లవాడి వరస చీకటి. "యా అల్లా," అంది నస్రీన్. వారిజ కెమెరాను ఇంకాసేపు తెరిచి ఉంచింది. అప్పుడు పక్క గీతకన్నా కాస్త కిందుగా, పలచగా ఒక వెలుగు! నాకే ఒళ్లు జలదరించింది. వేలాది ప్రొటీన్ల గుంపులోంచి అదొక్కటే, ఇదిగో నేనున్నానంది.

నన్ను ఆరబెట్టి, కెమెరా తీసిన నా ఫొటోతో పాటు కవరులో పెట్టి, పిల్లవాణ్ణి చూస్తున్న డాక్టరమ్మ గదికి తీసుకెళ్లారు. ఓబులేసు కొడుకును ఎత్తుకుని నిలబడ్డాడు.

"ప్రొటీన్ ఉంది. పొట్టిగా ఉంది, తక్కువగా ఉంది, కానీ ఉంది," అంది డాక్టరమ్మ. "జబ్బు ఉన్న మాట నిజమే. మెల్లగా ముదిరే రకం."

"నడుస్తాడా మేడమ్?"

"చాలాకాలం నడుస్తాడనే అనుకుంటున్నాం."

ఓబులేసు నా ఫొటో మీదికి వంగి ఆ గీత ఎక్కడుందో వేలితో చూపించమన్నాడు. చూశాడు. భుజం మీది కొడుకును కిందికి దించి, చెయ్యి వదిలి, "నడువు నాయనా," అన్నాడు.