బుడిపెలు లేని వేళ్ళు

బాబాయి తడిగోనెలో చుట్టి తెచ్చిన బఠాణీ మొక్కల్ని ప్రయోగశాల బల్ల మీద పెట్టి, ఒకదాన్ని ఆమె చేతికిచ్చాడు.

"నలభై రోజులైంది అమ్మాయ్. ఆకులన్నీ పాలిపోయాయి. నువ్విచ్చిన పొడి పట్టించే విత్తనం వేశాను. యూరియా వద్దన్నావు, గుప్పెడు కూడా చల్లలేదు. చూడు మరి."

ఆఫీసులో అందరూ ఆమెను మట్టి డాక్టరు అంటారు. బఠాణీ వేళ్ళకు బుడిపెలు కట్టించి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియాను పెంచి, బొగ్గుపొడిలో కలిపి ప్యాకెట్లు చేయించడం ఆమె పని. పదేళ్ళుగా మొండికేసిన బాబాయిని ఈ ఏడే ఒప్పించింది.

ఒక మొక్కను కుళాయి కింద పట్టి మెల్లగా కడిగింది. మట్టి జారిపోయాక వేళ్ళు తెల్లగా, నున్నగా బయటపడ్డాయి. ఒక్క బుడిపె లేదు. రెండోది కడిగింది. మూడోదీ అంతే.

"మా నేలలో ఏమైనా లోపమా?"

"చూసి చెప్తాను బాబాయ్," అంది. కానీ ఆమెకు అప్పటికే గోదాము సంగతి గుర్తొచ్చింది.

విత్తే అదునుకు ముందు గోదాములో ఏసీ చెడిపోయి, ప్యాకెట్లు ఎనిమిది రోజులు ఎండవేడికి మగ్గాయి. గోదాము చూసే పెద్దాయన ఆ సంగతి చీటీ రాసి పంపాడు. మళ్ళీ పరీక్షిస్తే వారం పడుతుంది, అదును దాటిపోతుంది. ముందు చేసిన పరీక్ష బాగానే ఉంది కదా అని తనకు తనే సర్దిచెప్పుకుని, రైతులకు పంచమని సంతకం పెట్టేసింది.

ఇప్పుడు మిగిలిన ప్యాకెట్లు పరీక్షకు పెట్టింది. ఐదో రోజున గాజు పళ్ళేలు బాక్టీరియా చుక్కలతో కిక్కిరిసి ఉండాలి. అక్కడొకటి, ఇక్కడొకటి తప్ప ఏమీ లేవు.

పై అధికారి విని, తలుపు దగ్గరగా వేశాడు. "నేలలో ఆమ్లం ఎక్కువని రాసెయ్యండి. ఎవరడుగుతారు?"

"గోదాము చీటీ నా ఫైల్లో ఉందండీ."

"ఉంటే తీసెయ్యండి."

తీయలేదు. ఆ చీటీని జతచేసి, జరిగింది జరిగినట్టు రాసి పంపింది. అట్నుంచటే బాబాయి ఇంటికి వెళ్ళి అంతా చెప్పింది. ఉతికిన బట్టలు మడతపెడుతున్న పిన్ని చేతులు ఆగిపోయాయి.

"తెలిసే ఇచ్చావా?" అంది పిన్ని.

"చచ్చిపోయాయని తెలీదు పిన్నీ. చచ్చిపోయి ఉండొచ్చని తెలుసు."

బాబాయి ఆమె వైపు తిరిగాడు. "ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"యూరియా వెయ్యి. ఇంకా పూత రాలేదు, కొంతైనా దక్కుతుంది."

"చెవిలో ఇల్లు కట్టుకుని పోరి పోరి, ఆఖరికి ఇదా చెప్పేది," అన్నాడు బాబాయి. తర్వాత అడిగాడు, "ఇంకెంతమందికి ఇచ్చావ్?"

"అరవై రెండు మందికి."

"అయితే నా ముందు తల దించుకుని కూర్చుంటే ఏం లాభం? వాళ్ళకి చెప్పు."

మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. కొందరు ఊఁ కొట్టి విన్నారు. ఒకాయన కడుపులో ఉన్న అక్కసంతా వెళ్ళగక్కాడు. ఒకామె మధ్యలోనే పెట్టేసింది. పొద్దుగూకేసరికి సగం మందే అయ్యారు. మిగతావాళ్ళకు మర్నాడు చేసింది.

ఆ ఏడు పంట సగానికి సగం పోయింది. ఆఫీసులో ఆమెను ప్యాకెట్ల విభాగం నుంచి తప్పించి, మట్టి నమూనాల గదికి మార్చారు. తర్వాతి అదునుకు బాబాయి మళ్ళీ ప్యాకెట్లు తీసుకున్నాడు గానీ, అరెకరానికే. పిన్ని బాగానే పలకరిస్తుంది. పొలం ఊసు మాత్రం ఎత్తదు.